పునుగులా? పొంగణాలా?

ఒకే పిండి. రాత్రి రుబ్బి ఉంచితే తెల్లవారేసరికి పులిసి పొంగిన ఇడ్లీ పిండి. అందులో ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయలు, జీలకర్ర కలపండి. సగం పిండిని కాగిన నూనెలో చిన్న చిన్న ఉండలుగా వదిలితే పునుగులు అవుతాయి. మిగిలిన సగాన్ని గుంతల పెనంలో, గుంతకు రెండేసి చుక్కల నూనె వేసి, పోసి మూత పెడితే గుంత పొంగణాలు అవుతాయి. పిండి ఒకటే. ఉప్పూ కారమూ ఒకటే. పట్టే సమయం కూడా దాదాపు ఒకటే. రెండూ గుండ్రంగానే ఉంటాయి. రెండూ పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటాయి.

కాని తిన్న తరువాత ఈ రెండూ మన శరీరానికి అప్పజెప్పే లెక్క మాత్రం ఒకటి కాదు. ఎందుకని? ఆ తేడా ఎక్కడినుంచి వచ్చింది? ఇది తెలియాలంటే మనం ఒకసారి వంటింట్లోకి వెళ్ళి నూనె మూకుడు వైపు చూడాలి. దూరంగా నిలబడి సుమా!

బుడగలు ఎక్కడివి?

పునుగు నూనెలో పడగానే బుస్సుమని దాని చుట్టూ బుడగలు లేస్తాయి. చాలామంది నూనె మరుగుతోందని అనుకుంటారు. అది నిజం కాదు. వేపుడుకు కాచిన నూనె ఉష్ణోగ్రత సుమారు 170 నుంచి 180 డిగ్రీల సెంటీగ్రేడు ఉంటుంది. ఆ వేడిలో వంటనూనె మరగదు. మరుగుతున్నది పిండిలోని నీరు. నీటికి 100 డిగ్రీలు చాలునని మీకు తెలుసు కదా! అంతకంటె ఎంతో వేడిగా ఉన్న నూనెలో పడేసరికి పిండిలోని నీరు ఆవిరిగా మారుతుంది. ఒక మిల్లీలీటరు నీరు ఆవిరి అయితే సుమారు 1,700 మిల్లీలీటర్ల చోటు కావాలి. అంత చోటు పునుగులో ఎక్కడ ఉంది? అందుకని ఆవిరి సన్నని దారులు చేసుకొని బయటికి తోసుకు వస్తుంది. మనం చూసే బుడగలు అవే.

ఆవిరి అలా జోరుగా బయటికి వస్తున్నంతసేపూ నూనె లోపలికి పోవడం కష్టం. ఎదురుగాలిలో గొడుగు పట్టుకొని నడవడం వంటిదే అది. మరి నూనె ఎప్పుడు చేరుతుంది? చాలా భాగం పునుగును చిల్లుల గరిటెతో బయటికి తీసిన తరువాతే చేరుతుంది! బయటికి తీయగానే పునుగు చల్లబడటం మొదలుపెడుతుంది. లోపలి ఆవిరి తిరిగి నీరవుతుంది. లోపల ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు బయటి గాలి ఒత్తిడి, పైన అంటుకొని ఉన్న నూనెను ఆ సన్నని దారులగుండా లోపలికి నెడుతుంది. చెవిలో మందు వేసే డ్రాపరు రబ్బరు బుడ్డిని నొక్కి వదిలితే మందు పైకి ఎక్కడం మీరు చూశారు. ఇక్కడ జరిగేదీ అదే. పునుగులను నూనెలోనుంచి తీయగానే, వేడి తగ్గకముందే, గరిటెలో బాగా వడకట్టి కాగితం మీద వేయమని పెద్దలు చెప్పడంలో ఉన్న శాస్త్రం ఇదే.

ఇప్పుడు పొంగణాన్ని చూడండి. దానిలోని నీరు కూడా ఆవిరి అవుతుంది. కాని పైన మూత ఉంది. ఆ ఆవిరిలోనే పిండి ఉడుకుతుంది. నీటిలో ఎక్కువ భాగం పొంగణంలోనే ఉండిపోతుంది. నూనె మాత్రం మనం పోసిన రెండు చుక్కలే. ఒక్క మాటలో చెప్పాలంటే, పునుగులో కొంత నీరు పోయి ఆ చోటికి నూనె వచ్చింది. పొంగణంలో నీరు తన చోటనే ఉంది.

నూనెకు అంత బరువైన లెక్క ఎందుకు?

ఆహారంలోని శక్తిని కేలరీలలో కొలుస్తారు. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడి చేయడానికి కావలసిన శక్తిని ఒక కిలో కేలరీ అంటారు. ఆహారం గురించి చెప్పేటప్పుడు మనం మామూలుగా కేలరీ అనేది ఈ కిలో కేలరీనే.

విల్బర్ ఆట్‌వాటర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు 1890లలో ఒక చిత్రమైన గదిని కట్టించాడు. ఒక మనిషి పట్టేటంత చిన్న గది అది. అందులో మనిషిని కొన్ని రోజులపాటు ఉంచి, అతడు తిన్నది ఎంతో, అతడి శరీరంనుంచి వెలువడిన వేడి ఎంతో జాగ్రత్తగా కొలిచేవారు. ఆట్‌వాటర్ ఇటువంటి ఎన్నో పరిశోధనలు చేసి తేల్చిన లెక్కలను మనం ఈనాటికీ వాడుతున్నాం. ఒక గ్రాము పిండి పదార్థం సుమారు 4 కేలరీల శక్తి ఇస్తుంది. ఒక గ్రాము మాంసకృత్తులు కూడా 4 కేలరీలే ఇస్తాయి. ఒక గ్రాము క్రొవ్వు మాత్రం 9 కేలరీలు ఇస్తుంది. నూనె అంటే పూర్తిగా క్రొవ్వే. ఇక నీటికి? సున్న!

ఇప్పుడు లెక్క కడదాం. ఒక ప్లేటు పునుగులలో 60 గ్రాముల బియ్యం, మినపప్పు ఉన్నాయనుకోండి. వాటినుంచి సుమారు 210 కేలరీలు వస్తాయి. అవి 15 గ్రాముల నూనె పీల్చాయనుకుంటే దానికి 135 కేలరీలు. మొత్తం 345. అదే పిండితో వేసిన పొంగణాలకు ఒక చిన్న చెంచా, అంటే నాలుగున్నర గ్రాముల నూనె పట్టిందనుకుంటే దానికి సుమారు 40 కేలరీలు. మొత్తం 250. తేడా 95.

“ఓస్, 95 కేలరీలేనా!” అంటారేమో. రోజూ సాయంత్రం ఇదే జరిగితే 30 రోజులకు 2,850 కేలరీలు అవుతాయి. 13 నుంచి 15 ఏళ్ళ బాలుడికి ఒక రోజంతటికీ కావలసిన శక్తి సుమారు 2,860 కేలరీలని మన దేశంలో 2020లో నిర్ణయించిన పోషక ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే నెలకు ఒక రోజు తిండి మనకు తెలియకుండానే అదనంగా లోపలికి పోయిందన్నమాట! ఆటల్లో ఖర్చు కాని శక్తిని శరీరం పారవేయదు. క్రొవ్వుగా మార్చి దాచిపెడుతుంది.

గింజలు త్రాగిన నీళ్ళు

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురైన సంగతి చూద్దాం. ప్రొద్దున బడికి వెళ్ళే ముందు ఒక గుప్పెడు శనగలు గిన్నెలో వేసి, మూడింతల నీళ్ళు పోసి వెళ్ళండి. సాయంత్రం వచ్చి చూస్తే శనగలు ఉబ్బి ఉంటాయి, నీళ్ళు తగ్గి ఉంటాయి. తూచి చూస్తే 100 గ్రాముల శనగలు దాదాపు 200 గ్రాములు అవుతాయి. పెరిగిన బరువంతా నీరే. ఆ నీటికి కేలరీలు లేవు. కాని మన కడుపుకు ఆ సంగతి తెలియదు!

జీర్ణకోశం గోడలలో సాగుదలను పసిగట్టే నాడుల కొనలు ఉంటాయి. కడుపు నిండి గోడలు సాగగానే అవి మెదడుకు వార్త పంపుతాయి. దీనితోపాటు ప్రేగులనుంచి బయలుదేరే కొన్ని హార్మోనులు కూడా “ఇక చాలు” అని చెబుతాయి. ఈ వార్తలన్నీ చేరడానికి సుమారు పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. కాబట్టి నీరు, పీచు ఎక్కువగా ఉండి, నమిలి నమిలి నిదానంగా తినవలసిన ఆహారం తక్కువ కేలరీలతోనే మన ఆకలి తీరుస్తుంది. గబగబా మింగే ఆహారం, వార్త చేరేలోగానే రెండు ప్లేట్లు లోపలికి పోతుంది.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఇటువంటి లెక్కలకు పెట్టింది పేరు. 1918లో నీలగిరులలోని కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో అది హైదరాబాదుకు వచ్చింది. మన దేశపు ఆహార పదార్థాలలో ఏది ఎంత ఉందో ఆ సంస్థ 1971లో పట్టికలుగా ప్రచురించింది. 2017లో 528 ఆహారాలతో క్రొత్త పట్టికలను తెచ్చింది. 1971 పట్టిక ప్రకారం 100 గ్రాముల శనగలలో సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల క్రొవ్వు, 61 గ్రాముల పిండి పదార్థాలు ఉంటాయి. మనం నేర్చుకున్న 4, 9, 4 లెక్క వేయండి. 68, 45, 244. మొత్తం 357 కేలరీలు.

ఇక పోల్చి చూడండి. 150 కేలరీలు కావాలంటే సుమారు 42 గ్రాముల ఎండు శనగలు చాలు. అవి నాని ఉడికితే ఒక చిన్న గిన్నెడు గుగ్గిళ్ళు అవుతాయి. తినడానికి పది నిమిషాలు పడుతుంది. అదే 150 కేలరీలు ఆలుగడ్డ చిప్స్‌లో అయితే 28 గ్రాములకే వచ్చేస్తాయి.  నూనెలో అయితే నాలుగు చిన్న చెంచాలు కూడా అక్కరలేదు. తీపి శీతల పానీయంలో అయితే సుమారు ఒకటిన్నర గ్లాసు. అది రెండు నిమిషాలలో జారిపోతుంది, పైగా ఆకలి తీరదు.

సాయంత్రానికి అయిదు ఫలహారాలు

బడినుంచి వచ్చేసరికి ఆకలి దంచుతూ ఉంటుంది. అప్పుడు చేతికి ఏది అందితే దాన్నే తింటాం. కాబట్టి అందేచోట మంచివి ఉండేటట్లు చూసుకోవాలి. ఈ అయిదింటిలో ఏదైనా త్వరగా అయ్యేదే. పొయ్యి దగ్గర పని ఇంట్లో పెద్దవాళ్ళ సహాయంతో చేయండి.

గుగ్గిళ్ళు: తెలంగాణలో వీటినే గుడాలు అంటారు. శనగలు, బొబ్బర్లు, పెసలు, ఏవైనా సరే. ప్రొద్దున నానవేసినవాటిని కుక్కరులో ఉడికించి, ఒక చిన్న చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేయించి కలపండి. దించిన తరువాత నిమ్మకాయ పిండడం మరచిపోవద్దు. నిమ్మలోని సి విటమిన్, గింజలలోని ఇనుమును శరీరం బాగా గ్రహించడానికి తోడ్పడుతుంది. వెంటనే టీ మాత్రం త్రాగవద్దు. టీలోని కొన్ని పదార్థాలు ఇనుమును అడ్డగిస్తాయి.

గుంత పొంగణాలు: వీటి సంగతి చెప్పుకున్నాం. తురిమిన క్యారెట్టు, కొత్తిమీర కూడా పిండిలో కలిపితే కూర తినని తమ్ముడు కూడా మాట్లాడకుండా తినేస్తాడు.

ఉగ్గాని: రాయలసీమవారికి చెప్పనక్కరలేదు. బొరుగులను, అంటే మరమరాలను, నీళ్ళలో ముంచి మెత్తబడగానే పిండి తీసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పది నిమిషాల పని. దీనికి జోడీగా మిరపకాయ బజ్జీలు తినడం అక్కడి ఆచారం. ఒకే పళ్ళెంలో నీరు త్రాగినదీ, నూనె త్రాగినదీ పక్కపక్కనే! బజ్జీ ఒకటి చాలు, ఉగ్గాని కడుపునిండా తినండి.

మొలకెత్తిన పెసలు: ఒక పూట నానవేసి, నీళ్ళు వంచి, తడిబట్టలో మూటకట్టి ఒక రోజు ఉంచితే మొలకలు వస్తాయి. ఎండు గింజలో దాదాపు లేని సి విటమిన్ మొలక వచ్చేటప్పుడు తయారవుతుంది. గింజలోని చిన్న మొక్క మేలుకొని తన కోసం తయారు చేసుకొనే విటమిన్ అది! అయితే తడిలోనూ వెచ్చదనంలోనూ సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి కనుక మొలకలను బాగా కడిగి, రెండు మూడు నిమిషాలు ఆవిరిమీద ఉంచి తినడం మంచిది. కీరదోస ముక్కలు, టమాటా, నిమ్మరసం కలపండి.

రాగి జావ: రెండు చెంచాల రాగి పిండిని ముందు చన్నీళ్ళలో కలిపి, తరువాత మరిగే నీళ్ళలో పోస్తూ కలపాలి. పొడి పిండిని తిన్నగా మరిగే నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. ఎందుకంటే పిండి ముద్దకు పైభాగం వెంటనే ఉడికి జిగురు పొరగా మారుతుంది. ఆ పొరను దాటి నీరు లోపలికి పోలేదు. జావ చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ కలపండి. 100 గ్రాముల రాగులలో సుమారు 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, బియ్యంలో 10 మిల్లీగ్రాములే ఉంటుంది. ఎముకలు పెరిగే వయస్సులో ఉన్న మీకు ఈ తేడా చిన్నది కాదు.

వీటిలో ఏదీ కుదరలేదా? ఒక జామకాయ కొరుక్కు తినండి. లేదా ఒక ఉడికించిన కోడిగ్రుడ్డు. అందులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కేలరీలు సుమారు 75.

మాడ్చుకోవడం మందు కాదు

ఇంతవరకు చదివి, “అయితే సన్నబడటానికి అసలు తినకుండా ఉంటే ఇంకా మంచిది కదా!” అని ఎవరైనా అనుకుంటే అది పెద్ద పొరపాటు. కొందరు బాలికలు, ఈమధ్య కొందరు బాలురు కూడా, ప్రొద్దుటి ఫలహారం మానివేసి బడికి వస్తున్నారు. మొదటి రెండు పీరియడ్లు ఎలాగో గడుస్తాయి. మూడవ పీరియడు వచ్చేసరికి నల్లబల్ల మీద అక్షరాలు కళ్ళకు కనిపిస్తాయి కాని బుర్రకు ఎక్కవు. ఇక సాయంత్రం ఆకలికి తట్టుకోలేక ప్రొద్దున మానినదానికి రెండింతలు తింటారు, అదీ చాలాసార్లు నూనెలో వేగినదే.

మీ వయస్సులో శరీరం ఇల్లు కట్టుకుంటూ ఉంటుంది. ఎముక పొడవు పెరగాలి. కండ పెరగాలి. రక్తం పరిమాణం పెరగాలి. ఇటుకలు, సిమెంటు ఆపేస్తే ఇల్లు సన్నగా నాజూకుగా లేవదు, సగంలో ఆగిపోతుంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ బాలికలలో ప్రతి 100 మందిలో 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంటే సగంకంటె ఎక్కువ! వాళ్ళకు కావలసింది తక్కువ తిండి కాదు, ఇనుము, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న తిండి.

నూనెను కూడా శత్రువుగా చూడకండి. ఎ, డి, ఇ, కె విటమిన్లు క్రొవ్వులోనే కరుగుతాయి. తాలింపులోని చెంచాడు నూనె ఆ పని చేస్తుంది. వేరుశనగ గింజల్లో 100కు 40 గ్రాములు నూనే అయినా, వాటిలో 25 గ్రాములవరకు మాంసకృత్తులు కూడా ఉన్నాయి. కాబట్టి ఒక గుప్పెడు తినండి, సంచీ ముందు పెట్టుకొని కూర్చోవద్దు. పండుగనాడు పునుగులు వండితే హాయిగా తినండి. రోజూ తినే తిండే శరీరాన్ని తయారు చేస్తుంది.

ఇంకొక మాట. మీ బరువు ఎక్కువో తక్కువో అద్దమూ చెప్పలేదు, వెనుక బెంచీలో కూర్చొని పేర్లు పెట్టేవాళ్ళూ చెప్పలేరు. వయస్సు, ఎత్తు, బరువు మూడూ కలిపి చూడాలి. సందేహం ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరును అడగండి. లావుగా ఉన్న తోటి విద్యార్థిని వెక్కిరిస్తే అతడి బరువు ఒక్క గ్రాము కూడా తగ్గదు. అతడు మధ్యాహ్నం అందరి ముందు డబ్బా తెరవడానికి సిగ్గుపడతాడు, అంతే. అతడిని ఆటకు పిలవండి. అది అందరికీ మేలు.

మీరే పరీక్షించండి

ఎవరో చెప్పారని నమ్మడం సైన్సు కాదు. ఇవి చేసి చూడండి.

మొదటిది, మరకల పరీక్ష. ఒక తెల్ల కాగితం మీద గళ్ళు గీసి, ఒక్కొక్క గడిలో పునుగు, పొంగణం, ఇడ్లీ, ఉడికిన శనగ, దంచిన వేరుశనగ గింజ, కీరదోస ముక్క పెట్టి కొద్దిగా అదమండి. అయిదు నిమిషాల తరువాత తీసివేసి కాగితాన్ని ఎండలో ఆరబెట్టండి. నీటి మరక ఆరి మాయమవుతుంది. నూనె మరక ఆరదు. కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ మరకగుండా వెలుతురు కనిపిస్తుంది. ఏ గడిలో మరక ఎంత పెద్దదో వ్రాసుకోండి.

రెండవది, తూకం పరీక్ష. ఇంట్లో పునుగులు వండే రోజున వంటకు ముందు నూనెను తూచి వ్రాసుకోండి. వంట అయి, నూనె పూర్తిగా చల్లారాక పెద్దవాళ్ళచేత మళ్ళీ తూయించండి. తగ్గిన గ్రాములను 9తో హెచ్చవేసి, తిన్నవారి సంఖ్యతో భాగించండి. పైన మనం 15 గ్రాములని అనుకున్నాం కదా. మీ ఇంట్లో ఎంత వచ్చింది?

మూడవది, పొట్లం పరీక్ష. కొన్న చిరుతిండి పొట్లం వెనుక 100 గ్రాములకు శక్తి ఎంతో, క్రొవ్వు ఎంతో, చక్కెర ఎంతో అచ్చు వేసి ఉంటుంది. క్రొవ్వు గ్రాములను 9తో హెచ్చవేసి చూడండి. మొత్తం కేలరీలలో సగంకంటె ఎక్కువ నూనెనుంచే వస్తున్న పొట్లాలు ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టండి.

మరకల కాగితాన్ని మీ తరగతి గోడకు అంటించండి. వచ్చినవాళ్ళు అది ఏమిటని అడుగుతారు. అప్పుడు వాళ్ళకు బుడగల కథ చెప్పండి.